మోస్రా మిరాశి

కరపత్రాల కట్టలు ప్రెస్సు నుంచి వచ్చేసరికి పదకొండున్నర అయింది. ఆటో అతను వాటిని మెట్ల కిందనే దించేసి చక్కాపోయాడు. పై గదిలోకి ఎక్కించడం పుష్పలత వంతు. సమితిలో జీతానికి పనిచేసే మనిషి ఆమె ఒక్కతే. మిగిలినవాళ్లంతా కళాభిమానులు. కళాభిమానులు బరువులు మోయరు.

మంజీర జానపద కళల సమితి అన్నది బోర్డు మీద చూస్తే పెద్ద పేరే. లోపలికొస్తే బోధన్ పాత బస్టాండు వెనుక, ఎరువుల దుకాణం మీద ఒక గది, రెండు బల్లలు, ఒక బీరువా, గోడ నిండా ఫోటోలు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన రాజశేఖర్ సార్ దానికి కార్యదర్శి. కోస్తా నుంచి తాతల నాడు వచ్చి కాలువ కింద భూములు చేసుకున్న రైసుమిల్లు బసవయ్య గారు అధ్యక్షుడు. కంప్యూటరు మీద ఫ్లెక్సీలూ కరపత్రాలూ తయారుచేసేది ఉమామహేష్. ఊళ్లు తిరిగి మేళాలను కలిసేది, తేదీలు ఖాయం చేసేది, పోలీసు పర్మిషన్ నుంచి వేదిక వెనుక మంచినీళ్ల దాకా చూసుకునేది పుష్పలత. ఏటా పసుపు తవ్వకాల రోజుల్లో ఐదు ఊళ్లలో ఐదు రోజులు పండుగ. "కళను పట్నం తోలుకపోయి హాల్లో చూపెడితే అది ప్రదర్శన. దాని ఊర్లనే దాన్ని ఆడిపిస్తె అది పండుగ" అని సార్ ప్రతి మీటింగులోనూ అంటాడు. అన్నప్పుడల్లా ఆయన గొంతు నిజంగానే కొంచెం వణుకుతుంది. ఆ వణుకు చూసే పుష్పలత మూడేళ్ల కిందట ఈ పనిలో చేరింది.

ఆమె కట్ట తాడు తెంపి ఒక కరపత్రం చేతిలోకి తీసుకుంది. ఇంకా ఇంకు వాసన పోలేదు. మొదటి రోజు చందూర్‌లో కోలాటం, రెండో రోజు వర్నిలో శారదకథ. వేలు కిందికి జరిగింది. మూడో రోజు, శుక్రవారం సాయంత్రం, మోస్రా: చిందు యక్షగానం, ఎల్లమ్మ కథ. మెండోర ధనలక్ష్మి మేళం.

మొన్న తను చూసిన ప్రూఫులో మోస్రాకు ఒగ్గుకథ ఉంది. చిందు రెంజల్‌లో ఉంది.

"ఉమామహేష్, గిది ఎప్పుడు మార్చినవ్?"

"నిన్న పొద్దుమీకి అక్కా. మోస్రాల జనం ఎల్లమ్మ కథనే కావాలంటున్నరంట. బసవయ్య సార్ చెప్పిండు, మన సార్ సరే అన్నడు, నేను మార్చిన." అతను కంప్యూటరు నుంచి తల తిప్పాడు. "ఏం అక్కా, ఏమన్న తప్పు పడ్డదా?"

"తప్పేం లేదు. మెండోర నుంచి మోస్రాకు దూరం గద, అందుకని."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగని సంజాయిషీ ఆమె నోటి నుంచి వచ్చేసింది. ఉమామహేష్ పట్టించుకోలేదు.

చిందు ఆడే కులం చిందోళ్లు. వాళ్లకు ఊళ్లు పంచి ఉంటాయి. ఏ ఇంటికి ఏ ఊరు తాతల నుంచి వచ్చిందో ఆ ఇంటి మేళమే ఆ ఊళ్లో గజ్జె కట్టాలి. దాన్నే మిరాశి అంటారు. పరాయి మేళం ఆ ఇంటివాళ్లను అడగకుండా అక్కడ ఆడిందంటే కులపంచాయతీ కూర్చుంటుంది. ఆడినవాళ్లను వెలి వేస్తారు. చూస్తూ ఊరుకున్న ఇంటికి ఆ ఊరి మీద హక్కు పోతుంది. మోస్రా, చందూర్, ఇంకో తొమ్మిది ఊళ్లు హన్మవ్వ అనే ముసలి కళాకారిణి ఇంటి మిరాశి. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ రాసి లేదు. చిందోళ్ల ఇంట్లో పుట్టినవాళ్లకు మాత్రమే తెలుస్తుంది, పుష్పలతకు తెలిసింది అందుకే.

బోధన్‌లో మాత్రం ఆమె కాపోళ్ల పిల్ల. గది అద్దెకు అడిగిన మొదటి రోజు ఇంటామె "ఎవరోళ్లమ్మా మీరు?" అంటే నోటికొచ్చిన ఆ ఒక్క మాట, తరువాత వంద అబద్ధాలను పిల్లలుగా కన్నది.

సార్ పన్నెండింటికి వచ్చాడు. కరపత్రం చూసి మురిసిపోయాడు. పుష్పలత ఆయన బల్ల దగ్గర నిలబడి, కాగితాలు సర్దుతున్నట్టు సర్దుతూ, ఎంతో మామూలుగా అడిగానని అనుకుంటూ అడిగింది.

"సార్, మోస్రాల ఇంతకుముందు ఆడేటోళ్లు ఎవరన్న ఉన్నరేమో. ఒకసారి ఊర్లె అడిగి చూద్దమా?"

సార్ కళ్లద్దాల పైనుంచి ఆమెను చూశాడు. ఆ చూపు ఉండవలసినదానికంటే కొంచెం ఎక్కువసేపే ఉంది.

"నీకేమన్న తెలుసా అమ్మా?"

"లేదు సార్. ఊకనే అడిగిన."

ఆయన ఇంకేదో అనబోయి మానుకున్నాడు. మింగలేక కక్కలేక పుష్పలత తన బల్ల దగ్గరికి వచ్చి, ఐదేసి వందలుగా కరపత్రాలను కట్టలు కట్టసాగింది. చేతులకు ఇంకు అంటుకుంది. తడిగుడ్డతో ఎంత తుడిచినా వేళ్ల మధ్య నల్లగా మిగిలింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భాగ్యలక్ష్మి వంటింటి గడపలో చేట ముందు పెట్టుకొని చిక్కుడుకాయలు వొలుస్తోంది. ఇంటి యజమానురాలు ఆమె. భర్త లేడు, కూతురు కాపురానికి పోయింది. పుష్పలత అంటే ప్రాణం. జ్వరమొస్తే గంజి కాచి పోస్తుంది, ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడుతుంది. ఇంత మంచి మనిషికి భయపడవలసి రావడమే పుష్పలతను అన్నిటికంటే ఎక్కువ కుంగదీసే సంగతి.

"రా బిడ్డా, కూసో. రెండు చేతులైతే జల్ది అయితది." ఆమె చేట జరిపింది. "మీ కాయితం చూసిన. మోస్రాల చిందు పెడ్తున్నరంట గద! మా పుట్టిల్లు మోస్రానే, ఎరుకేనా?"

పుష్పలత చేతిలో చిక్కుడుకాయ విరిగింది. నార రాలేదు. "ఎరుకలేదు ఆంటీ" అంది.

"చిన్నప్పుడు మా బాపు వాకిట్లనే ఆడుతుండిరి. తెల్లారిందాక కన్ను మూయకపోదుము. ఎల్లమ్మ ఏషం ఏసినామె అడుగు పెట్టిందంటే మా అవ్వ బిందెతోని నీళ్లు తెచ్చి కాళ్లు కడిగి, ఆ నీళ్లు మా నెత్తిన సల్లుతుండె. ఒళ్లంత జలదరిస్తుండె, నిజంగ అమ్మవారే వచ్చినట్టు." భాగ్యలక్ష్మి కళ్లు మెరిశాయి. వొలిచిన కాయను గిన్నెలో వేసి మరొకటి అందుకుంది. "ఆట అయినంక, ఆళ్లు మూటలు కట్టుకొని పోంగనే, మా అవ్వ పెండనీళ్లు కలిపి వాకిలంత అలుకుతుండె. ఆళ్లు కూసున్న అరుగు సుత."

"ఎందుకు ఆంటీ?" అడగకుండా ఉండవలసింది. అడిగేసింది.

"ఎందుకేంది, చిందోళ్లు గద." ఆ మాటలో కోపం లేదు, అసహ్యం కూడా లేదు. రేపు కూర ఏం వండుదామన్నంత మామూలుగా ఉంది. "మనుషులు మంచోళ్లే బిడ్డా, ఆట మస్తుంటది. కని పద్ధతి పద్ధతే గద. మనోళ్లల్ల అట్లనే నడుస్తది. మీ ఊర్లె సుత అంతేనా?"

"అంతే" అంది పుష్పలత.

"నేను సుత వస్త శుక్రారం. బసవయ్య సార్ భార్య నాగకుమారి కారుల తీస్కపోత అన్నది. ముందల వరుసల నా పక్కన నీకు కుర్చీ పట్టి పెడ్త, సరేనా?"

పుష్పలత తల ఊపింది. చిక్కుడు గింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు ఒక్కొక్కటీ వినిపిస్తోంది. ఆ వంటింట్లో తను తాకని గిన్నె లేదు. దేవుడి గదిలో దీపం వత్తులు తనే చేస్తుంది. శుక్రవారం తరువాత ఈ ఇల్లంతా ఏం పోసి కడుగుతుందోనన్న ఆలోచన వచ్చి, లేచి నీళ్లు తాగే మిషతో బయటికి నడిచింది.

ఆ రాత్రి సరిగా నిద్ర లేదు. తెల్లవారి ఆఫీసుకు పోయి, ఎంతకీ తెగని పనులు మీద వేసుకుంది. టెంటుహౌసుకు ఫోను, మైకుసెట్టుకు ఫోను, మెండోర ధనలక్ష్మికి ఫోను. ధనలక్ష్మి ఎత్తగానే ఏం చెప్పాలో తోచక తనే పెట్టేసింది.

పదింటికి మెట్ల మీద చెప్పులు లేని అడుగుల చప్పుడు వినిపించింది. ఒక మెట్టు, ఒక నిట్టూర్పు, మళ్లీ ఒక మెట్టు. ఆ నడక ఎవరిదో పుష్పలత చెవికి చటుక్కున తెలిసిపోయింది. లేచి పారిపోవడానికి గదికి రెండో తలుపు లేదు.

హన్మవ్వ గడప అవతలే ఆగింది. నెరిసిన జుట్టు ముడి, మోకాలి కిందికి కట్టిన చీర, చేతిలో మడిచిన కరపత్రం. ఎల్లమ్మ వేషం కట్టీ కట్టీ ముఖాన అర్దళం రంగు పూసుకున్న చోటల్లా చర్మం ఇప్పటికీ కాస్త పచ్చగా ఉంటుంది. పుష్పలతకు పెద్దమ్మ, నాయన అన్న భార్య. ఐదేళ్లయింది చూసి.

"రా అవ్వా, లోపటికి రా. కుర్చీల కూసో" అన్నాడు సార్.

ఆమె లోపలికి వచ్చి కుర్చీ పక్కన కింద కూర్చుంది. కళ్లు గదంతా తిరిగాయి. బీరువా మీద, ఫోటోల మీద, ఉమామహేష్ మీద, పుష్పలత మీద. బీరువా మీద ఎంతసేపు ఆగాయో పుష్పలత మీద కూడా అంతసేపే ఆగాయి.

"దండం సారు. దండం మేడం."

తిరిగి దండం పెట్టడానికి పుష్పలత చేతులు లేవలేదు.

"గీ కాయితం మా వాడకు వచ్చింది సారు. సదివిపిచ్చుకున్న. మోస్రా మా మిరాశి ఊరు. మా మామ తాత కాడికెంచి మేమే ఆడుతున్నం. మెండోరోళ్లు మమ్ముల అడగలే, మీరు అడగలే."

సార్ ముఖం పాలిపోయింది. "నిజంగ నాకు తెల్వది అవ్వా. మీ మేళం ఇరిగిపోయిందని విన్న. అందుకే..."

"ఇరిగింది సారు. ముగ్గురమే మిగిల్నం. మద్దెల కొట్టెటాయన పోయిన కార్తీకంల పోయిండు. మాతోని ఆడిపియ్యుమంటలేను. అడుగుమంటున్న." హన్మవ్వ గొంతు పెరగలేదు. "ఆళ్లొచ్చి, ఊరి పెద్దమనుషుల ముందట మమ్ముల అడిగి, మా ఇంటోళ్లు ఆళ్ల కాలికి గజ్జె గట్టినంక ఆడాలె. గది మా కట్టుబాటు."

"అంతేనా అవ్వా? దానిదేముంది, సంతోషంగ చేద్దం. నువ్వే కట్టు."

"నేను గడితె సెల్లది. గట్టేది వారసు గావాలె. ఇంటికి ఎనక మనిషి ఉన్నదని ఊరికి తెలువాలె గద. వారసు లేని ఇంటి మిరాశి, ఆడిపోయినోళ్లకే సెందుతది."

"మరి నీకు పిల్లలు?"

ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. పుష్పలత బల్ల అంచును రెండు చేతులా పట్టుకుంది.

"లేరు సారు. మా మరిది బిడ్డ ఒకతె ఉండె. సదువుకోని పోయింది. యాడుందో తెల్వది." హన్మవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "యాడున్నా మంచిగనే ఉండొచ్చు."

సార్ చూపు ఎటు ఉందో చూసే ధైర్యం పుష్పలతకు లేదు. హన్మవ్వ లేచి గడప దాకా పోయి వెనక్కి తిరిగింది.

"మేడం, జర నీళ్లిస్తరా? ఎండకు వచ్చిన."

పుష్పలత సీసా తీసుకొని గడప దగ్గరికి వెళ్లింది. ముసలామె సీసా అందుకోలేదు. వంగి, నోటికి దోసిలి ఆనించి పట్టింది. పెద్ద ఇళ్ల ముందు జన్మంతా తాగినట్టే, సొంత మరిది కూతురి చేత కూడా దోసిట్లోకి నీళ్లు పోయించుకుంది. నీళ్లు మోచేతుల మీదుగా కారాయి. పుష్పలత కూడా వంగవలసి వచ్చింది. ఇద్దరి తలలూ దగ్గరయినప్పుడు, ఆమెకు మాత్రమే వినిపించేటంత చిన్న గొంతుతో హన్మవ్వ అంది:

"సన్నబడ్డవ్ బిడ్డా."

ఆ వెంటనే పైకి, గదంతా వినేటట్టు, "సల్లగుండుండ్రి మేడం" అని మెట్లు దిగిపోయింది.

తరువాతి రెండు రోజులు పుష్పలత దయ్యం పట్టినట్టు తిరిగింది. సార్ ధనలక్ష్మికి ఫోను చేస్తే ఆమె లబోదిబోమంది. "మీరు అడిగి ఉంటరనుకున్నం సారు. మమ్ముల వెలి ఏస్తరు. ముందల ఇది సదురకుంటె మేం బండెక్కం" అంది. ఆట ఆపేద్దామంటే మోస్రా సర్పంచు ఒప్పుకోలేదు. అప్పటికే డప్పు కొట్టి ఊరంతా చాటించాడు. ఆ తర్వాత హన్మవ్వే ఫోను చేయించింది. ఉమామహేష్ స్పీకర్ పెట్టాడు.

"ఆడుకోనియ్యుండ్రి సారు. నేనొచ్చి పెద్దమనుషుల ముందట ఒప్పుకుంట. వారసు లేదని సెప్త. ఊరు ఆళ్లకే పోనీ. ఎల్లమ్మ కథ ఆగొద్దు, ఆగితె పాపం."

ఫోను పెట్టేశాక ఉమామహేష్ "పాపం ముసల్ది" అని టీ తాగడానికి కిందికి దిగాడు. మిరాశి అంటే హన్మవ్వకు మిగిలినదంతా అదే. తాళ్లు తెగిన కిరీటాలు, రంగు వెలిసిన భుజకీర్తులు, ఊళ్ల పేర్లు. ఆ పేర్లలో పెద్దది తన మరిది కూతురి గది కోసం, ఆమె గిన్నెల కోసం, ఆమె భయం కోసం వదులుకుంటోంది. ఎవరి కోసమో మాత్రం బయటపెట్టడం లేదు.

"సార్" అంది పుష్పలత. నిలబడే అంది. కూర్చుంటే అనలేనని తెలుసు. "హన్మవ్వ మరిది బిడ్డను నేనే."

రాజశేఖర్ సార్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"తెలుసమ్మా."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"చేరినప్పుడు జిరాక్సులు ఇచ్చినవ్ గద. అందుల స్కూలు కాగితం ఒకటుండె. దాన్ల కులం రాసుంది. నువ్వు చూసుకోనట్టుంది." ఆయన ఆమె వైపు చూడకుండా మాట్లాడుతున్నాడు. "దాచుకుంటున్నదని అర్థమైంది. నేనడిగితే నొచ్చుకుంటవని అడగలే."

"మూడేండ్ల నుంచా?"

"మొదటి నుంచి."

"ఇంకెవరికి తెలుసు?"

సార్ లేచి బీరువా తీసి ఒక ఫైలు ఆమె ముందు పెట్టాడు. పండుగకు సాయం అడుగుతూ ఢిల్లీకి పంపిన దరఖాస్తు. రెండో పేజీలో, సమితి ప్రత్యేకతల కింద, నాలుగో లైను: మా క్షేత్ర సమన్వయకర్త స్వయంగా చిందు కళాకారుల కుటుంబం నుంచి వచ్చిన యువతి.

పుష్పలత ఆ లైనును రెండుసార్లు చదివింది. మొదట సిగ్గు వేసింది, తరువాత కోపం వచ్చింది.

"నేను ఈ గదిల కూసోని ఎవరన్న ఇంటిపేరు అడిగితె సావనీకి వస్తుండె సార్. మీరు ముఖమెరుగనోళ్లకు నా కులం రాసి పంపిండ్రు. నాతోని మాత్రం ఒక్క మాట అనలే."

"తప్పయిందమ్మా."

"మోస్రా మార్చేటప్పుడన్న అడిగితె సెప్తుంటి గద!" ఆమెకు తెలియకుండానే భాష ఊరి భాష అయిపోయింది.

"అడుగుదమనే అనుకున్న. అడిగితే నాకు తెలుసన్న సంగతి నీకు తెలుస్తది. అందుకే ఆగిన. నువ్వు ఆ రోజు ఊర్లె అడుగుదమా అన్నవ్, నేను నీకు తెలుసా అన్న. నువ్వు లేదన్నవ్." ఆయన గొంతు వణికింది, మీటింగులో వణికినట్టు కాదు. "నీ మర్యాద కాపాడుతున్న అనుకున్న. నువ్వు నీ భయం కాపాడుకున్నవ్. నడుమల ఆమె ఊరు పోతున్నది."

పుష్పలత ఫైలు మూసి ఆయన వైపు జరిపింది.

"నువ్వు వారసుగ నిలబడాలని నేననను" అన్నాడు సార్. "ముందల వరుసల మీ ఇంటామె ఉంటది. నీ ఇష్టం."

శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా పుష్పలత మోస్రా చేరింది. వేదిక మీద పరదాలు గాలికి ఉబ్బుతుంటే నాలుగు మూలలా రాళ్లు పెట్టించింది. మైకు వైరు జనం కాళ్లకు తగలకుండా ఇసుకలో పూడ్పించింది. పని ఉన్నంతసేపు భయం కొంచెం దూరంగా నిలబడింది. పని అయిపోగానే పక్కకొచ్చి నిలబడింది. ఏం చేయాలో ఆమె అప్పటికీ నిర్ణయించుకోలేదు. నిజానికి, నిలబడకూడదనే అనుకుంది. ఎవరూ ఏమీ అనరు. పెద్దమ్మ కూడా అనదు. రాత్రికి కారులో భాగ్యలక్ష్మి పక్కన కూర్చొని ఇంటికి పోవచ్చు.

వేదిక వెనుక ధనలక్ష్మి గోడకు ఆనుకొని కూర్చుంటే, ఒకామె ఆమె ముఖానికి పసుపుపచ్చని అర్దళం పూస్తోంది. కిరీటం ఇంకా పెట్టలేదు. కాళ్లు బోసిగా ఉన్నాయి. గజ్జెలు ఒక చేటలో, బియ్యం మీద పెట్టి ఉన్నాయి. ఆ బోసికాళ్లు చూసి పుష్పలత తల తిప్పుకుంది.

చీకటి పడుతుండగా జనం నిండారు. ముందు వరుసలో నాగకుమారి, ఆ పక్కన భాగ్యలక్ష్మి, ఆ పక్కన ఒక ఖాళీ కుర్చీ, దాని మీద పరిచిన చేతిరుమాలు. భాగ్యలక్ష్మి ఆమెను చూసి ముఖమంతా నవ్వుతూ చెయ్యి ఊపింది. "దా, దా" అని కుర్చీ తట్టింది. వేదిక అంచున నిలబడ్డ పుష్పలత చేతిలో మైకు ఉంది. వ్యాఖ్యానం ఆమెదే. వస్తున్నానన్నట్టు తల ఊపింది.

సార్ నాలుగు ముక్కలు మాట్లాడి దిగిపోయాడు. అప్పుడు ఊరి పెద్దమనిషి హన్మండ్లు వేదిక ఎక్కాడు. తెల్లని మీసాల పొడగరి, పాత మోతుబరి. ఒక పక్క ధనలక్ష్మి మేళం, ఇంకో పక్క హన్మవ్వ ఒక్కతే.

"ఆట కంటె ముందల ఒక కట్టుబాటున్నది" అన్నాడు హన్మండ్లు. "గీ ఊరు హన్మవ్వ ఇంటి మిరాశి. మెండోరోళ్లు ఆడనీకి వచ్చిండ్రు. అడుగుండ్రి మరి."

ధనలక్ష్మి ముందుకొచ్చి, తమలపాకులు పెట్టిన పళ్లెం హన్మవ్వ చేతికి ఇచ్చి కాళ్లకు మొక్కింది. "పెద్దదానివి, నీ ఊర్ల ఆడుకుంటం, సెలవియ్యి."

"ఆడుకో బిడ్డా" అంది హన్మవ్వ.

"గజ్జె కట్టేటందుకు వారసెవరు?" అన్నాడు హన్మండ్లు.

హన్మవ్వ తల వంచలేదు. జనంలోకీ చూడలేదు, మైకు వైపు అసలే చూడలేదు. "లేరయ్యా" అంది.

జనంలో చిన్న గుసగుస పుట్టి ఆగింది. హన్మండ్లు తల పంకించాడు. "మూడుమాట్లు అడుగుత. వారసెవరన్న ఉన్నరా?"

"లేరయ్యా."

ఎదురుగా భాగ్యలక్ష్మి ఇంకా నవ్వుతూనే ఉంది, చెయ్యి ఇంకా ఆ కుర్చీ వీపు మీదే ఉంది. ఇంత భయం తన జన్మలో ఎప్పుడూ వేయలేదు. హన్మండ్లు మూడోసారి అడగడానికి నోరు తెరిచాడు.

"ఉన్న" అంది పుష్పలత.

చేతిలో మైకు ఉందన్న సంగతి ఆమె మరిచిపోయింది. ఆ మాట నాలుగు స్పీకర్లలోంచీ ఊరంతా వినబడింది.

"నువ్వెవరివమ్మా?"

"హన్మవ్వ మరిది బిడ్డను."

అందరికంటే ముందు ఉలిక్కిపడింది హన్మవ్వే. పళ్లెం పక్కన పెట్టి గబగబా రెండు చేతులూ ఊపింది. "కాదయ్యా, కాదు! గీ మేడం సమితామె. పెద్దింటి పిల్ల. నా మీద జాలితోని అంటున్నది. నా మరిది బిడ్డ యాడనో ఉన్నది."

"పెద్దమ్మా, ఇగ సాలు" అంది పుష్పలత. మైకు కింద పెట్టింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. "అవద్దం నేనాడిన. నువ్వెందుకాడుతవ్?"

హన్మండ్లు ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. చివరికి చేట వైపు చూపించి, "చిందోళ్ల బిడ్డవైతె గజ్జె కట్టు మరి, సూద్దం" అన్నాడు.

పుష్పలత చెప్పులు విడిచి మోకాళ్ల మీద కూర్చుంది. ధనలక్ష్మి కుడికాలు పీట మీద పెట్టింది. చేటలోంచి గజ్జెలు తీస్తుంటే బియ్యం గింజలు రాలాయి. ముందు గుడ్డ చుట్టాలి, తరువాత గజ్జె తాడు మూడు చుట్లు. ముడి మడమ వెనక్కి రావాలి. లోపలి వైపు వస్తే గంతేసినప్పుడు రెండో కాలికి తగులుతుంది. ఎవరో చెప్పనక్కర లేకుండా చేతులకు అన్నీ గుర్తున్నాయి. కానీ ఐదేళ్ల కిందటి బిగువు లేదు.

ముందు వరుసలో కుర్చీ జరిగిన చప్పుడయింది. తల ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది. భాగ్యలక్ష్మి లేచి నిలబడి ఉంది. చేతిరుమాలు తీసి మడిచి సంచిలో పెట్టుకుంది. ఒక్కసారి వేదిక వైపు చూసింది. ఆ ముఖంలో కోపం ఉన్నా బాగుండేది. తను వండిపెట్టిన ప్రతి పూటనూ, తనిచ్చిన ప్రతి గ్లాసునూ ఒకటొకటే గుర్తు చేసుకుంటున్నట్టు చూసి, నాగకుమారి చెవిలో ఏదో చెప్పి, జనం మధ్యలోంచి కారు వైపు నడిచిపోయింది. మూడేళ్లుగా రోజూ భయపడిన సంగతి అంత నిశ్శబ్దంగా జరిగిపోయింది. ఈ రాత్రికి ఎక్కడికి పోవాలో, రేపు ఏ ముఖంతో వెళ్లి తన బట్టలు అడగాలో పుష్పలతకు తెలియలేదు.

వెనుక నుంచి ఒక అరచెయ్యి వచ్చి వీపు మీద ఆనింది. గరుకుగా, వెచ్చగా, హన్మవ్వ చెయ్యి. ఆ చెయ్యి తీయలేదు.

ధనలక్ష్మి కాలు కొంచెం కదిపి చూసింది. గజ్జెలు బలహీనంగా మోగాయి. అర్దళం పూసిన ముఖంతో వంగి, పుష్పలతకు మాత్రమే వినబడేటట్టు అంది:

"వదులుగ ఉన్నది బిడ్డా. గట్టిగ కట్టు. తెల్లారిందాక ఆడాలె."

పుష్పలత కళ్లు తుడుచుకొని, ముడి విప్పి, మళ్లీ మొదటి చుట్టు నుంచి కట్టడం మొదలుపెట్టింది.